నాచు మొక్క జన్యుక్రమము – సవరింపుల కథ

వర్షాకాలమున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతముల పాత ప్రహరీ గోడలపై పచ్చని ముఖమలు పరచినట్లు నాచు కనిపించును. తరగతిలో ఫునేరియాను చదివిన వారికి నాచు కొత్త కాదు. ఆ కుటుంబములోనిదే ఫిస్కోమిట్రియం పేటెన్స్ అను చిరు మొక్క. నేడు ప్రపంచ ప్రయోగశాలలలో నాచులకు ప్రతినిధి. 1962లో వైట్‌హౌస్ అను శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులోని గ్రాన్స్‌డెన్ అడవిలో సేకరించిన నాచు యొక్క ఒకే ఒక సిద్ధబీజము నుండి ఈ వంశము పెరిగినది. దీని దేహము ఏకస్థితికము, అనగా క్రోమోజోముల జత ఉండదు. కనుక ఒక జన్యువును తొలగించినచో ఫలితము మరుగుపడదు.

దీని జన్యుక్రమము 2008లో మొదట వెలువడెను. ఎ, టి, జి, సి అను నాలుగే గుర్తులతో వ్రాసిన సుమారు 48 కోట్ల అక్షరముల గ్రంథమది. కాని అనేక తునకలుగా నుండెను. 2018 ప్రతిలో ఆ తునకలను 27 క్రోమోజోములుగా కూర్చిరి. అయినను ఖాళీలు మిగిలెను.

ఖాళీలు ఏల? డి.ఎన్.ఎ.ను ఏకబిగిన చదువలేము. ముక్కలుగా చదివి, అంచులు సరిచూచి కలుపవలెను. ఉర్దూ శాఖ మిత్రులు ఒక గజలును చించి మన చేతికిచ్చిరనుకొందము. రదీఫ్ మాత్రమే గల చిన్న ముక్క ఏ షేరునకు చెందినదో ఎవరు చెప్పగలరు? డి.ఎన్.ఎ.లో ఇట్టి రదీఫులు లెక్కకు మిక్కిలి. పొడవైన ముక్కలను చదువు నానోపోర్ పద్ధతి వచ్చిన పిదప రదీఫుతో పాటు షేరు కూడ ఒకే ముక్కలో దొరకసాగెను. 2024లో ప్రచురితమైన కూర్పులో క్రోమోజోములు 27 కావు, 26 మాత్రమే అని తేలినది! మొదటి క్రోమోజోములో ఒక భాగము మాత్రము, పునరుక్తుల వలన, అప్పటికిని పూర్తిగా లొంగలేదు.

నాచుతో మనకేమి పని అందురేమో. ఎల్.బి. నగర్ నుండి నగరమంతయు దాటి పడమటనున్న పటాన్‌చెరు చేరినచో ఇక్రిశాట్ కలదు. ఆ సంస్థ నాయకత్వమున 'ఆశ' అను కంది రకము యొక్క జన్యుక్రమము 2012లో ప్రచురితమైనది. 48,680 జన్యువులను అందు గుర్తించిరి. ఎండు తెగులును, వెర్రి తెగులును తట్టుకొను రకమది. మొక్కలలో తెగుళ్లను ఎదుర్కొను జన్యువులు తరచు ఒకే పోలికతో గుంపులుగా నుండును. కూర్పు తడబడునది సరిగా అట్టి చోటనే. కాబట్టి ఆ ప్రతిలో ఒక జన్యువు కనబడనంత మాత్రమున కందిలో అది లేదని తీర్మానించుట తగదని మా అభిప్రాయము. అంచనా కట్టిన 83 కోట్ల 30 లక్షల అక్షరములలో ఆనాడు కూర్పునకు వచ్చినవి సుమారు 60 కోట్ల 58 లక్షలే. నూటికి ఇరువదియేడు పాళ్లు వెలుపలనే నిలిచినవి.