శివారు చేనుకి నీళ్ళు

రాజమండ్రి,
ఆదివారం

చి.ల.సౌ. పద్మకి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా తరం అలవాటు. ఇవాళ ఆ మాట రాయబోయి ఆగిపోయాను. ఇక్కడ నేను కులాసాయే. అక్కడ నువ్వు రాత్రి పదకొండింటికి బాత్రూములో తలుపేసుకుని, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడుస్తూ ఫోన్ చేశావు. “రెండు లక్షలు పోసి పుండు కొనుక్కున్నాను పెద్దమ్మా” అన్నావు. అప్పుడు నాకు నోరు పెగల్లేదు. అందుకే కాగితం తీశాను.

నువ్వు పంపిన ఫోటో కళ్ళజోడు పెట్టుకుని, పెద్దది చేసి చూశాను. బొడ్డుకి సూటిగా కింద, కోత నడిమధ్యన, రూపాయి బిళ్ళంత మేర విచ్చుకుంది. అడుగున ఎర్రగా, తడిగా, దానిమ్మ గింజలు అద్దినట్టు చిన్న చిన్న బుడిపెలు. ఒక ఓరన పసుపు పొర. చుట్టూ అంచు వెంబడి గులాబి రంగు గీత. ముప్పయ్యారేళ్ళు సర్జికల్ వార్డులో కట్లు కట్టిన చేతులు నావి. ఆ ఎరుపు కొత్తగా పడుతున్న కండ. ఆ గులాబి గీత అంచుల నుంచి లోపలికి పాకుతున్న చర్మం. పసుపు పొర చూసి నువ్వు చీము అనుకుని హడలిపోయావు. పసుపుగా కనిపించిందల్లా చీము కాదమ్మా. అది చచ్చిన కణాల పొర, కట్లు మారుస్తుంటే మెల్లగా ఊడుతుంది. అయినా ఫోటో చూసి తేల్చెయ్యడం నా పని కాదు. మీ డాక్టరుగారు కళ్ళారా చూసి చెప్పిందే లెక్క. ఆయనా “మానుతోంది, టైము పడుతుంది” అన్నాడన్నావుగా.

ఆపరేషన్ అయ్యి అయిదు వారాలైంది, రెండు పక్కలా శుభ్రంగా అతుక్కుంది, అక్కడే ఎందుకు విచ్చుకుందని అడిగావు. మీ తాతగారి చేను గుర్తుందా? కాలువకి చిట్టచివర రెండెకరాలు. జూన్‌లో నీళ్ళొదిలితే ఎగువ వాళ్ళ ఊడ్పులు అయిపోయి పచ్చబడ్డాక కూడా మన చేను నెర్రెలిచ్చే ఉండేది. మట్టిలో లోపం లేదు. నీరందడమే ఆలస్యం.

నీ పొట్ట మీద జరిగిందీ అదే. ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోసి, చర్మాన్నీ కొవ్వునీ పక్కటెముకల దాకా కండరం మీద నుంచి లేపారు. రెండు కాన్పులకి ఎడం జరిగిన పొట్ట కండరాలని దగ్గరికి లాగి కుట్టారు. మిగులు చర్మం కోసేసి, పైదాన్ని కిందికి లాగి అతికించారు. అలా లేపేటప్పుడు కండరంలోంచి చర్మంలోకి వచ్చే రక్తనాళాలు చాలా తెగుతాయి, తెగక తప్పదు. ఆ తర్వాత ఆ చర్మమంతా పక్కల నుంచి వచ్చే నెత్తుటి మీదే బతకాలి. ఆ నెత్తురు ఆఖరున చేరేది నడిమధ్యకి, అట్టడుక్కి. లాగుడు అన్నిటికన్నా ఎక్కువ ఉండేదీ అక్కడే. కాబట్టి అది శివారు చేను. దాన్ని తిట్టి లాభం లేదు. నీళ్ళు దారిలో ఎవరు కట్టేస్తున్నారో చూసుకోవాలి.

మొదటి అడ్డుకట్ట సిగరెట్టు. మా అల్లుడు బాల్కనీలో కాలుస్తాడని తెలుసు. ఆఫీసు వాళ్ళతో నువ్వూ అప్పుడప్పుడు కాలుస్తావనీ తెలుసు. మీ అమ్మకి చెప్పలేదు, చెప్పను. కానీ నికోటిన్ సన్నటి రక్తనాళాలని నొక్కేస్తుంది. అందుకే ఈ ఆపరేషన్‌కి ముందు నాలుగు వారాలు, తర్వాత నాలుగు వారాలైనా తాకొద్దంటారు డాక్టర్లు. ఆవిరి సిగరెట్టులో ఉండేదీ ఆ నికోటినే. డాక్టరు అడిగితే “లేదండీ” అని ఉంటావు. రేపు వెళ్ళి నిజం చెప్పు. వైద్యుడి దగ్గర మొహమాటం పనికిరాదు. పుండు మానేదాకా అల్లుణ్ణి కూడా మానెయ్యమను. బాల్కనీలో కాల్చినా ఆ పొగ ఇంట్లోకి రాకుండా ఉండదు.

రెండోది బరువు. బుజ్జిగాడు 14 కేజీలున్నాడని మురిసిపోతూ చెప్పావు. గ్యాస్ బండలో పట్టే గ్యాసూ అంతే. వాణ్ణి చంకనెత్తుకున్న ప్రతిసారీ ఆ నడిమి కుట్టు రెండు వైపులకీ గుంజుకుంటుంది. ఆరు వారాలు బరువులొద్దంటే, కుట్లు విచ్చుకున్నవాళ్ళకి ఆ గడువు ఇంకా సాగుతుంది. నువ్వు సోఫాలో కూర్చో, వాణ్ణే ఎక్కి పక్కకి రమ్మను. పడుకున్నప్పుడు వీపు కాస్త ఎత్తుగా, మోకాళ్ళ కింద దిండు పెట్టుకో. పొట్టకి కట్టుకునే బెల్టు విషయమూ అంతే. సన్నగా కనిపించాలని బిర్రుగా బిగించకు. మడత పడి పుండు మీద నొక్కుతున్నా, విప్పాక వాతలు కనిపించినా, ఎంత బిగువు ఉండాలో డాక్టర్నే అడుగు.

ఇక తిండి. ఇక్కడ మా చెల్లెలి మీద, అంటే మీ అమ్మ మీద, నాకు కోపం వచ్చింది. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, వంకాయ దురద, పెరుగు చలవ, చారన్నం తినమందిట. నెల్లాళ్ళు పత్యం! కొత్త కండ దేంతో పడుతుందనుకుంటోంది? చారులో చింతపండుతోనా?

మా వార్డుకి ఒకావిడ వచ్చింది. సిజేరియన్ కుట్లు విచ్చుకుని, మూడు వారాలైనా పుండు తెల్లగా, కళ లేకుండా ఉండేది. వాళ్ళమ్మ రోజూ స్టీలు గిన్నెలో గంజి, కారప్పొడి మెతుకులు తెచ్చేది. మా సిస్టరమ్మగారు ఆ ముసలావిణ్ణి ఒక్క మాట అనకుండా, “ఇది మందు, వేళకి వెయ్యాలి” అని పొద్దునా సాయంత్రం ఉడికించిన గుడ్లు మందుల ట్రేలో పెట్టి పంపేది. మందంటే తల్లి కాదనలేకపోయింది. పది రోజులకి ఆ పుండు అడుగు ఎర్రబడింది. ఆ ఎరుపు చూసి ముసలావిడే “ఏం మందమ్మా అది?” అని అడిగింది.

నీకు కిడ్నీ జబ్బులాంటివి లేవు కాబట్టి, పుండు మానే రోజుల్లో ఒంటి బరువులో కేజీకి ఒకటింబావు నుంచి ఒకటిన్నర గ్రాముల దాకా ప్రొటీన్ కావాలి. నీ 64 కేజీలకి రోజుకి 80 నుంచి 96 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే, లెక్క వేసుకో. కాబట్టి గుడ్లు, ముద్దపప్పు, చేప, కోడికూర, గడ్డపెరుగు, శనగలు, అన్నీ తిను. జామకాయ, ఉసిరికాయ రోజూ ఉండాలి. విటమిన్ సి లేకపోతే కొత్త కండని పట్టి ఉంచే దారాలు గట్టిపడవు.

రక్త పరీక్ష చేయించావా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువని తేలింది. నెత్తురే పలచగా ఉంటే శివారుకి చేరేదెంత? ఐరన్ మాత్ర ఇస్తే కాఫీతో కలిపి మింగకు. బుజ్జిగాడు కడుపులో ఉన్నప్పుడు నీకు షుగర్ వచ్చింది, కాన్పయ్యాక పోయిందని మర్చిపోయావు. అలా వచ్చిన వాళ్ళకి అది మళ్ళీ తలుపు తట్టవచ్చు. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష చేయించమని అడుగు. షుగర్ ఎక్కువున్న ఒంట్లో పుండు మొండికేస్తుంది.

ఇప్పుడు నా తప్పొకటి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు శుభ్రం పిచ్చి. పుండులో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసా నురగ వచ్చేది. దూదితో రుద్ది రుద్ది తుడిచి, అద్దంలా చేశానని గర్వపడేదాన్ని. ఒక రోగికి ఎన్నాళ్ళైనా మానలేదు. పెద్ద డాక్టరుగారు రౌండ్స్‌కి వచ్చి, నా చేతిలో సీసా చూసి, “అమ్మాయ్, మీది గోదావరి జిల్లాయేగా? నిన్న ఊడ్చిన నారుని ఇవాళ పీకుతారా మీ ఊళ్ళో?” అన్నారు. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ నురగ క్రిములతో పాటు కొత్త కణాలనీ చంపుతుంది.

కనుక నువ్వు పసుపు, కొబ్బరినూనె, స్పిరిట్, ఎవరో చెప్పిన ట్యూబు మందు, ఏదీ పెట్టకు. గాలి తగలాలి, ఎండి పక్కు కట్టాలి అని మీ అత్తగారనవచ్చు. 1962లో జార్జ్ వింటర్ అనే ఆయన పందిపిల్లల మీద ప్రయోగం చేసి, గాలికి ఎండనిచ్చిన పుండు కన్నా తడి ఆరకుండా కప్పి ఉంచిన పుండు మీద చర్మం త్వరగా పాకుతుందని చూపించాడు. కాబట్టి డాక్టరు చెప్పిన కట్టు, చెప్పినన్ని రోజులకోసారి, చేతులు కడుక్కుని మార్చు. రోజుకి పదిసార్లు విప్పి చూడకు. మళ్ళీ కుట్టేస్తే పోదా అన్నావు. క్రిములున్న చోట, లాగుడున్న చోట తొందరపడి కుడితే మళ్ళీ విచ్చుకుంటుంది. పుండు అడుగు నుంచి పూడుతూ రావాలి. పైన మూసుకుని కింద డొల్లగా ఉంటే అందులో చీము చేరుతుంది.

ఇంకొకటి. బొడ్డు కింద నీకిప్పుడు స్పర్శ తెలియదు, నెలల తరబడి అలాగే ఉండవచ్చు. నడుం నొప్పనో మరొకటనో వేడినీళ్ళ సంచి పొట్ట మీద పెట్టుకోకు. కాలినా నీకు తెలియదు. బొబ్బలు ఎక్కాకే చూస్తావు.

ఎప్పుడు పరిగెత్తాలో కూడా విను. జ్వరం 100.4 దాటినా, ఎరుపు చుట్టూ పాకుతున్నా, దుర్వాసన వచ్చినా, అంచు నల్లబడినా, పొట్ట చర్మం కింద నీరు చేరి తొణికినట్టున్నా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఒక కాలి పిక్క వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసమొచ్చినా మాత్రం ఒక్క క్షణం ఆగకు, అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి వెళ్ళిపో. ఏదో తెల్లదారం ముక్క కోతలోంచి పొడుచుకొస్తే మాత్రం భయం లేదు. కరిగే కుట్టు ముడి అది. నువ్వు లాగకు, వాళ్ళకి చూపించు.

ఇక టైము సంగతి. ఇంత పుండుకి ఇంకొన్ని వారాలు పట్టవచ్చు. చక్కగా అతుక్కున్న కోత కూడా మూడు వారాలకి పాత చర్మపు బలంలో పావు వంతుకి వస్తుంది. మూడు నెలలకి నూటికి 80 పాళ్ళ దాకా. పూర్తి నూరు ఎన్నటికీ రాదు. మచ్చ ఎరుపు తగ్గి తెల్లబడడానికి ఏడాది. అక్కడ కాస్త వెడల్పు మచ్చ మిగిలితే, అప్పుడు సరిచెయ్యొచ్చు. ఇప్పుడు దాని బెంగ వద్దు. వారానికి ఒక్క ఫోటో చాలు. ఒకే వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి తియ్యి. రోజూ చూస్తే కదలనట్టుంటుంది, వారాలు పక్కపక్కన పెడితే కదలిక తెలుస్తుంది.

చివరికి ఆ “కొనుక్కున్నాను” అన్న మాట. పొట్ట బాగుండాలని కోరుకోవడం నేరం కాదు పద్మా. ఇద్దరు బిడ్డలని మోసిన ఒళ్ళు అది, నీ ఒళ్ళు. తప్పు ఎక్కడ జరిగిందంటే, మీ అత్తగారితో “చిన్న ఆపరేషన్, వారంలో మామూలే” అన్నావు. ఆ మాట నిలబెట్టడానికి ఎనిమిదో రోజున వంటింట్లో నిలబడ్డావు, నడుం వంచకుండా నడిచావు, పిల్లాణ్ణి ఎత్తావు. ఆవిడకేం తెలుసు? తెలియని మనిషి సాయం ఎలా చేస్తుంది? మొత్తం చెప్పకపోయినా ఫర్వాలేదు. “కుట్లు విచ్చుకున్నాయి అత్తయ్యా, ఇంకొన్నాళ్ళు బరువెత్తకూడదుట” అను. అది నిజమే కదా.

శుక్రవారం గౌతమి ఎక్స్‌ప్రెస్‌కి టిక్కెట్టు తీశాను. పదిహేను రోజులు ఉంటాను. మునగాకు పొడి, ఎండుచేప తెస్తున్నాను. మీ అత్తగారి ఎదుట నీ ఆపరేషన్ ఊసు నేనెత్తను, పొయ్యి మాత్రం నాది.

ఆశీస్సులతో,
పెద్దమ్మ

తా.క.: ఈసారి ఏడుపొస్తే బాత్రూములో కుళాయి తిప్పకు. హాల్లో కూర్చుని ఏడువు. ఎవరో ఒకరు వచ్చి ఏమైందని అడుగుతారు. అడిగితే చెప్పు.