తేనెటీగల దండనాయకుడు

అమెరికా దేశమున బొమ్మల కథల పుస్తకములకు మిక్కిలి ఆదరణ కలదు. అందలి వీరులెందరో, వారికి ఎదురు నిలుచు దుష్టులును అందరే. 1977వ సంవత్సరమున మార్వెల్ సంస్థవారి 'ఛాంపియన్స్' పదునాలుగవ సంచికలో ఒక వింత దుష్టుడు పాఠకులకు ఎదురయ్యెను. వాని పేరు స్వార్మ్. అనగా ఈగల దండు. కథ కూర్చినవాడు బిల్ మాంట్లో, బొమ్మలు గీసినవాడు జాన్ బైర్న్.

స్వార్మ్‌నకు రక్తమాంసములు లేవు. నడుమ ఒక అస్థిపంజరము. దాని చుట్టును వేలకొలది తేనెటీగలు ముసరి మనుష్యాకృతి దాల్చును. పైని ఊదారంగు అంగీ. ఎంతటి బలశాలియైనను పిడికిట కొట్టినచో ఈగలు చెదరి, మరల కూడుకొనును.

కథ ప్రకారము ఇతడు ఫ్రిట్జ్ ఫాన్ మేయర్ అను శాస్త్రవేత్త, హిట్లరు కొలువులోనివాడు. యుద్ధము ముగిసిన పిదప దక్షిణ అమెరికాకు పారిపోయి తేనెటీగలను పెంచుచుండెను. అచట ఉల్కాకిరణములచే మార్పు చెందిన తేనెపట్టొకటి అతని కంటబడినది. రాణిని లోబరచుకొన్నచో ఈగలన్నియు తనకు దాసులగునని తలచి యత్నించెను. ఈగలు తిరుగబడి అతనిని ఎముకలు మాత్రము మిగులునట్లు తినివేసెను. అయినను అతని మనస్సు నశింపక ఆ ఈగలలో ప్రవేశించి, వానిని నడపసాగెను.

ఈ కల్పనకు మూలము కొంత లోకమున లేకపోలేదు. 1956లో వార్విక్ కెర్ అను శాస్త్రజ్ఞుడు అధిక తేనెనిచ్చు జాతిని సాధింపగోరి ఆఫ్రికా తేనెటీగలను బ్రెజిలుకు తెప్పించెను. మరుసటి యేడు అందు ఇరువదియారు గుంపులు తప్పించుకొని పోయినవి. త్వరగా రేగి గుంపుగా కుట్టు ఆ ఈగలు ఏటేట ఉత్తరమునకు వ్యాపించుచుండగా అమెరికనులకు భయము పట్టుకొనెను. స్వార్మ్ ఆ భయపు దినములలో పుట్టినవాడే. ఆ ఈగలు టెక్సాసు చేరుట 1990లో గాని జరుగలేదు.

తేనెటీగ మాంసము తినదు. కథకునకు ఆ మాత్రపు స్వేచ్ఛ ఈయవచ్చును. కాని రాణిని పట్టినచో పట్టంతయు చేజిక్కునన్న తలంపు మాత్రము ఉపేక్షింపదగినది కాదు. రాణి యన్నది మనుజులు పెట్టిన పేరు. ఆమె గ్రుడ్లు పెట్టును, ఆజ్ఞలు పెట్టదు. వలసకు ముందు కూలి ఈగలే ఆమె మేత తగ్గించి, ఎగురుటకు వీలగునట్లు సన్నగిల్లజేయును.

ఈ జీవుల రహస్యమును చదివిన నిజమైన శాస్త్రజ్ఞుడొకడు హిట్లరు జర్మనీలోనే యుండెను. ఆయన మ్యూనిక్ ఆచార్యుడు కార్ల్ ఫాన్ ఫ్రిష్. మాతామహి యూదు వంశీయురాలన్న కారణమున 1941లో ప్రభుత్వము ఆయనను కొలువునుండి తొలగింప నిశ్చయించెను. ఆ దినములలోనే నోసీమా అను తెగులు సోకి లక్షలకొలది తేనెపట్లు నశించుచుండెను. తోటలకు పరాగము చేర్చు ఈగలు లేనిదే పంటయు లేదు. కావున ఆయన తొలగింపును యుద్ధాంతమువరకు ఆపిరి. ఆయనను కాపాడినవి ఈగలే యనవచ్చును! మేత దొరికిన దిక్కును, దూరమును ఈగ నాట్యముచే తోడివారికి తెలుపునని ఆయన నిరూపించెను. 1973లో మరి యిరువురతో కూడ నోబెల్ బహుమానము పొందెను.

ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్ 1949లో మ్యూనిక్ నగరమున ఒక పొదపై వ్రేలాడు ఈగల గుంపును గాంచెను. దానిపై కొన్ని ఈగలు నాట్యమాడుచుండెను. వాని యొడలికి పుప్పొడి లేదు. ఒకదానికి మసి, మరియొకదానికి ఇటుకపొడి. బాంబులకు కూలిన నగరమది. ఆ శిథిలములలోని పొగగొట్టములను, గోడల బీటలను అవి వెదకి వచ్చినవని ఆయన గ్రహించెను. అవి క్రొత్త యింటిని వెదకు వేగు ఈగలు.

ఒక్కొక్క వేగు తాను చూచిన తావును నాట్యముచే తెలుపును. తావు మేలైనదైనచో ఎక్కువసేపు ఆడును. తక్కినవి పోయి స్వయముగా చూచి వచ్చి, నచ్చినచో తామును ఆడును. ఈ వాదము కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు దినములు సాగును. తుదకు అన్నియు ఒక్క తావునే తెలుపును. అప్పుడు వేలకొలది ఈగలు ఒక్కుమ్మడిగా లేచి ఆ దిక్కునకు ఎగురును. రాణి ఆ గుంపు నడుమ ఎక్కడనో వానితోపాటు పోవుచుండును.