ద్వారపాలకుని విద్య

ఒక కంప్యూటరు నుండి మరొక కంప్యూటరుకు ప్రయాణించే సమాచారం చిన్న చిన్న భాగాలుగా విడివడి వెళుతుంది. ఆ భాగాలనే ప్యాకెట్లు అంటారు. ఉత్తరానికి చిరునామా ఉన్నట్లే ప్యాకెట్టుకు ‘హెడర్’ ఉంటుంది. అయితే ఇక్కడ కవరులో మరొక కవరు, దానిలో ఇంకొకటి ఉంటాయి. పైది ఈథర్నెట్ హెడర్. దాని పొడవు 14 బైట్లు. అందులోని చివరి రెండు బైట్లు లోపల ఉన్నది ఏ రకమైన హెడరో తెలుపుతాయి. ఆ లోపలిది ఐపీ నాలుగవ రూపానికి చెందినదైతే కనీసం 20 బైట్లు ఉంటుంది. తన పొడవెంతో తానే చెప్పుకుంటుంది. ఈ కవర్లను వరుసగా విప్పి చదవడమే ‘పార్సింగ్’.

ఈ పఠనం ఎక్కడ జరగాలి? ఆపరేటింగ్ సిస్టమ్‌కు ప్రాణాధారం కెర్నల్. వచ్చిన ప్రతి ప్యాకెట్టునూ కెర్నల్ బయటి ప్రోగ్రాములకు నకలు చేసి ఇస్తే, అక్కరలేనివాటిని మోయడంలోనే కాలం వ్యర్థమవుతుంది. అందుచేత లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన స్టీవెన్ మెక్‌కాన్, వాన్ జేకబ్సన్ ఒక ఉపాయం ఆలోచించారు. వారి పరిశోధన పత్రం 1993 జనవరిలో యూసెనిక్స్ సదస్సులో వెలువడింది. కెర్నల్ లోపల ఒక చిన్న ఊహాయంత్రాన్ని నెలకొల్పి, ఏ ప్యాకెట్లు కావాలో తెలిపే ఆదేశాలను దానికి బయటినుండి అందించడమే ఆ ఉపాయం. దాని పేరు ‘బర్క్‌లీ ప్యాకెట్ ఫిల్టర్’. అందులోని ఆదేశాలు ముందుకే దూకగలవు, వెనుకకు మరలలేవు. కనుక ఏ ప్రోగ్రామైనా ఎప్పుడో ఒకప్పుడు ముగిసి తీరుతుంది.

అయినా కెర్నల్ తన సొంత అవసరాలకు చేసే పఠనం చాలాకాలం సి భాషలో ముందే రాసిపెట్టిన పద్ధతిలోనే సాగింది. లినక్స్ కెర్నల్‌లో ‘ఫ్లో డిసెక్టర్’ అనే భాగం ఉంది. ఏ ప్యాకెట్ ఏ సంభాషణకు చెందినదో గుర్తించడం దాని పని. 2013లో అందులో ఒక లోపం బయటపడింది. ఐపీ హెడర్ తన పొడవును నాలుగేసి బైట్ల లెక్కన చెబుతుంది; కాబట్టి ఆ సంఖ్య 5కు తగ్గరాదు. ఒక ఐపీ హెడర్‌లో మరొకటి ఉన్నదని చెబుతూ, తన పొడవు సున్నా అని పలికే కపట ప్యాకెట్ వచ్చిందనుకుందాం. చదివేవాడు అడుగు ముందుకు వేయలేడు. అదే హెడర్‌ను మళ్ళీ మళ్ళీ చదువుతూ ఉండిపోతాడు. దూరాన ఉన్న అపరిచితుడు పంపిన ఒక్క అబద్ధం యంత్రాన్నే స్తంభింపజేయగలదు! పొడవు సరిచూసే ఒక చిన్న షరతు ఆ లోపాన్ని సవరించింది.

ఇటువంటి పొరపాట్లను ముందే పట్టుకొనే మార్గం 2014లో లినక్స్‌లో చేరిన విస్తృత రూపం ‘ఈబీపీఎఫ్’తో దొరికింది. ఇందులో ‘వెరిఫయర్’ అనే పరీక్షాధికారి ఉంటాడు. ప్రోగ్రాము నడవకముందే అది పోగల దారులన్నింటినీ అతడు శోధిస్తాడు. ప్యాకెట్ హద్దును సరిచూడకుండా ఒక్క బైటు చదవబోయినా ఆ ప్రోగ్రామును తిరస్కరిస్తాడు. 2018 డిసెంబరులో వెలువడిన లినక్స్ 4.20లో ఫ్లో డిసెక్టర్ స్థానంలో ఇటువంటి ప్రోగ్రామును నిలిపే వీలు కలిగింది. కొత్త హెడర్ పుట్టినప్పుడు కెర్నల్‌ను తిరిగి నిర్మించనక్కరలేదు. దానిని చదివే విద్యను నడుస్తున్న కెర్నల్‌కే నేర్పవచ్చు.

అయితే పరీక్షాధికారి కూడా మానవనిర్మితుడే. హద్దులను లెక్కించడంలో అతడే పొరబడిన సంగతి 2020లో వెల్లడై, సవరణ పొందింది. పైగా ప్రోగ్రాము హద్దు మీరదని అతడు చెప్పగలడే గాని, దాని తీర్పు సరైనదని హామీ ఇవ్వలేడు. ఆ బాధ్యత రాసినవానిదే. వచ్చినవాని మాటను పరీక్షించే ద్వారపాలకుడు తానూ పరీక్షకు నిలవాలి. స్వేచ్ఛకు అర్హత అక్కడే సిద్ధిస్తుంది.

అభ్యాసం

1. ఫ్లో డిసెక్టర్‌లో 2013లో బయటపడిన లోపాన్ని వివరించండి.
2. వెరిఫయర్ చేయగల పని, చేయలేని పని ఏవి?
3. ‘ప్రాణాధారం’, ‘పరీక్షాధికారి’ – విడదీసి సంధి పేరు రాయండి.
4. ‘మానవనిర్మితుడు’ – విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి.