ఏ తుఫాను పెద్దది?

దివిసీమలో ఒక ఊరు. సాయంకాలం అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. మాటలు తుఫాన్ల మీదికి మళ్లాయి.

"1977ని మించింది లేదురా" అన్నాడు తాత.

ఆ ఏడు నవంబరు 19న ఉప్పెన వచ్చింది. ఉప్పెన అంటే గాలి తోసుకొచ్చిన సముద్రపు నీరు. మూడు నిలువుల ఎత్తున ఊళ్ల మీద పడింది. సుమారు 10 వేల మంది పోయారు. లెక్కకు రానివాళ్లు ఇంకా ఎందరో!

"1990 మే తుఫాను తక్కువదా బాబాయ్? మా పాక ఎగిరిపోయింది" అన్నాడు పక్కింటి రైతు.

నిజమే. అదీ బలమైన తుఫానే. కాని చనిపోయినవారు వెయ్యికి లోపే. ఎందుకని? గాలి జాలి పడలేదు. కబురు ముందే అందింది. లక్షన్నర మందికి పైగా ఇళ్లు వదిలి వెళ్లారు. 1977 తరువాత కట్టిన తుఫాను షెల్టర్లలో ఎందరో తలదాచుకున్నారు.

అంతవరకు వింటున్న మామ్మ నోరు తెరిచింది.

"గాలీ నీళ్లూ లెక్కపెడతారు. ఎండ మాటేమిటి?"

2015 మే నెలలో ఎండలు మండాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా వడదెబ్బతో చనిపోయారు. ఎండకు రెంటచింతలది పెద్ద పేరు. కోస్తాలో ఉక్కపోత కూడా తోడవుతుంది. చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఎండకు చప్పుడుండదు, ఇల్లు కూలదు. అందుకే ఎవరూ దాన్ని తుఫానుతో పోల్చరు.

మామ్మ తమ్ముడు ఆ నెలలోనే పొలంలో పడిపోయాడు. మళ్లీ లేవలేదు.

"తుఫానొస్తే మైకులో చెబుతారు. ఆ మధ్యాహ్నం వాడిని ఇంటికి రమ్మని ఎవరం చెప్పలేదు" అంది మామ్మ.