ఓటర్ల ముందు బర్క్

బ్రిస్టల్ ఇంగ్లండులోని రేవు పట్టణం. ఐర్లండులో పుట్టిన ఎడ్మండ్ బర్క్ 1774లో ఆ పట్టణం నుండి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. ఐర్లండు వర్తకంపై ఆంక్షలను సడలించే ప్రతిపాదనలు 1778లో సభకు వచ్చాయి. తమ బేరాలు దెబ్బతింటాయని బ్రిస్టల్ వర్తకులు భయపడ్డారు, వాటిని వ్యతిరేకించమన్నారు. బర్క్ సమర్థించాడు. ఐర్లండు బాగుపడితే బ్రిస్టల్ చెడిపోదని వారికి ఓర్పుగా ఉత్తరాలు వ్రాశాడు. వారి కోపం చల్లారలేదు.

1780 సెప్టెంబరులో ఎన్నికలు వచ్చాయి. బర్క్ ఓటర్ల ముందు నిలిచి సంజాయిషీ చెప్పుకున్నాడు. ఐర్లండు వర్తకం, కాథలిక్కులపై కఠిన చట్టాల సడలింపు, అప్పు తీర్చలేక జైలులో మగ్గేవారికి ఊరట - ఒక్కొక్కదానిపై తన వైఖరికి కారణం వివరించాడు. తన ఓటు తప్పని మాత్రం అనలేదు. గెలుపు దక్కదని తెలిసి, కొద్ది రోజులకే పోటీ నుండి తప్పుకున్నాడు. తరువాత మాల్టన్ అనే చిన్న పట్టణం తరఫున సభకు వెళ్ళాడు.