చిన్న రూట్ల పైలట్ కొలువు మంచిదేనా?

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ చదివిన మా అబ్బాయి చిన్న నగరాలకు తిరిగే విమానాల పైలట్ అవుతానంటున్నాడు. అప్పు చేసి చదివించవచ్చా?

జవాబు: ముందు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ క్లాస్-1 వైద్య పరీక్ష చేయించండి. అది నెగ్గే దాకా ఎక్కడా ఫీజు కట్టొద్దు. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, ఖర్చు రూ.50 లక్షలు దాటవచ్చు. చిన్న రూట్లలో తిరిగే ఏటీఆర్ విమానం నడిపే అర్హతకు, అంటే టైప్ రేటింగ్‌కు, ఖర్చు అదనం. హైదరాబాద్ నుంచి రాజమండ్రి, కడప లాంటి చోట్లకు తిరిగే ఏటీఆర్‌లో రోజూ పలుమార్లు టేకాఫ్, ల్యాండింగ్. అలసట ఎక్కువే, కానీ చేయి తిరగడానికి అంతకన్నా మంచి బడి లేదని నా నమ్మకం. పెద్ద జెట్‌లకు మారాలంటే మళ్లీ రేటింగ్ కావాలి. నాకు అసలు భయం కంపెనీల గురించే: హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. లైసెన్సు వచ్చాక కూడా ఉద్యోగానికి ఏడాది, రెండేళ్లు పట్టొచ్చు. అన్నాళ్లూ వాయిదాలు కట్టగలిగితేనే అప్పు చేయండి. ఉన్న ఇల్లు మాత్రం తాకట్టు పెట్టకండి.