పాత జీపునకు కొత్త వెనుక ఇరుసు : కొనుటకు ముందు కొలవవలసినవి

మన పల్లెలలో పాత జీపులను ఇంకను అక్కడక్కడ వాడుచున్నారు. ఎరువుల బస్తాలు చేనికి చేర్చుటకు, కూరగాయలు సంతకు తోలుటకు, వాన కాలములో బాట సరిగా లేని చోట్లకు పోవుటకు ఇవి పనికివచ్చుచున్నవి. విల్లీసు సి.జె.-3బి నమూనా జీపు అమెరికాలో 1953 మొదలు 1968 వరకు తయారైనది. మన దేశములో మహీంద్రా వారు ఆ నమూనాను ఆ పిమ్మట కూడ అనేక సంవత్సరములు తయారు చేసిరి.

ఈ జీపుల వెనుక ఇరుసు అరిగినప్పుడు, లేక విరిగినప్పుడు, పాతసామానుల అంగడిలో దొరకు కొత్త రకము బండి ఇరుసును తెచ్చి బిగించిన సరిపోవునని కొందరు తలంచుచుందురు. ఎడ్లబండికి ఇరుసు మార్చుట వేరు, మోటారు బండికి మార్చుట వేరు. జీపులో వెనుక ఇరుసు బరువును మోయుటయే గాక, ఇంజను బలమును చక్రములకు అందించును. బ్రేకును పట్టి ఉంచును. ఆ ఒక్క వస్తువు మారినచో బండిలో ఆరు సంగతులు మారును. ఆ ఆరింటిని సామాను కొనక ముందే కొలిచి చూచుకొన్నవారికి నష్టము రాదు.

మొదట పాతదానిని పరీక్షింపుడు

చాల జీపులకు ఇరుసు మార్చవలసిన అవసరమే ఉండదు. సి.జె.-3బి వెనుక ఇరుసులో షాఫ్టు కొన సన్నగా చెక్కబడి యుండును. దానిపై హబ్బు ఎక్కి, ఒక చిన్న తాళపు ముక్కతోను, పెద్ద నట్టుతోను బిగిసి యుండును. ఎడ్లబండికి కడసీల ఎట్టిదో ఈ నట్టు అట్టిది. ఇది వదులైనచో హబ్బు షాఫ్టుపై కదలి తాళపుగాడి అరుగును. తుదకు షాఫ్టు ఆ గాడివద్దనే విరిగి, చక్రము డ్రమ్ముతో సహా ఊడిపోవచ్చును.

బండి కదలునప్పుడును, వెనుకకు పోవునప్పుడును వెనుక చక్రమువద్ద 'టక్' మను చప్పుడు వచ్చిన యెడల వెంటనే హబ్బును తీయించి చూడుడు. హబ్బును పుల్లరుతోనే తీయవలెను. షాఫ్టు కొనపై సుత్తితో కొట్టరాదు. మరల ఎక్కించునప్పుడు షాఫ్టు కొన, హబ్బు లోపలి భాగము పొడిగా, శుభ్రముగా ఉండవలెను. అక్కడ గ్రీజు పూయరాదు. నట్టు బిగించిన పిమ్మట పిన్ను రంధ్రము సరిపడనిచో నట్టును ఇంకను బిగింపవలెనే గాని వదులు చేయరాదు. కొంత దూరము నడిపి మరల ఒకసారి బిగుతు చూడవలెను.

ఈ మరమ్మతుతో బాగగునట్లున్న యెడల ఇరుసు మార్పు జోలికి పోకుండుటయే మేలు. ఇరుసు గొట్టము వంగినను, లోపలి పళ్లు విరిగి ఆ సామాను దొరకకున్నను అప్పుడు మార్పు సంగతి ఆలోచింపుడు.

కొలవవలసిన ఆరు సంగతులు

1. పళ్ల నిష్పత్తి : ఇది అన్నిటికంటె ముఖ్యము. సి.జె.-3బి ఇరుసులో క్రౌను చక్రమునకు 43, పినియనుకు 8 పళ్లుండును. అనగా ప్రొపెల్లరు షాఫ్టు 5.38 చుట్లు తిరిగినగాని చక్రము ఒక చుట్టు తిరుగదు. కొత్త రకము ఇరుసులలో ఈ అంకె సాధారణముగా తక్కువ. ఉదాహరణకు 41 పళ్లు, 10 పళ్లు గల ఇరుసులో అది 4.10 మాత్రమే.

దీనివలన లాభము కలదు, నష్టమును కలదు. జీపు చక్రము ఒక చుట్టునకు సుమారు 2.2 మీటర్లు పోవుననుకొనుడు. గంటకు 60 కిలోమీటర్ల వేగములో పాత ఇరుసుతో ఇంజను నిమిషమునకు సుమారు 2,450 చుట్లు తిరుగును; 4.10 ఇరుసుతో సుమారు 1,870 చుట్లు చాలును. రోడ్డుపై చప్పుడు తగ్గును. కాని చక్రమునకు అందు లాగుడు బలము కూడ నాలుగింట ఒక వంతు వరకు తగ్గును. రోడ్డుపైననే తిరుగు బండికి ఇది సరిపోవచ్చును. బస్తాలతో బురద బాటలో పోవలసిన బండికి, ఘాటు ఎక్కవలసిన బండికి ఇది చెరుపే చేయును.

అంగడిలోనే నిష్పత్తి తెలిసికొను ఉపాయమిది. ఒక చక్రము తిరుగకుండ పట్టుకొని, రెండవదానిని సరిగా రెండు చుట్లు త్రిప్పుడు. పినియను ఎన్ని చుట్లు తిరిగెనో అదియే సుమారు నిష్పత్తి. మూత తీసి పళ్లు లెక్కించినచో ఖచ్చితముగా తెలియును.

2. ముందు ఇరుసుతో పొత్తు : నాలుగు చక్రములకు బలము అందునట్లున్న జీపులో ముందు ఇరుసు నిష్పత్తియు, వెనుక ఇరుసు నిష్పత్తియు ఒకటిగానే ఉండవలెను. వెనుక 4.10, ముందు 5.38 ఉంచి నాలుగు చక్రముల మీట వేసినచో ముందు చక్రములు ఒక వేగమున, వెనుక చక్రములు మరొక వేగమున తిరుగజూచును. గట్టి నేలపై క్రాసులు, పళ్లు విరుగును. ఈ జీపులలో 'లో' గేరు నాలుగు చక్రముల మీట వేసినప్పుడే పడును. కావున వెనుక ఇరుసు ఒక్కటే మార్చినవారు చిక్కులో పడినప్పుడు బయటపడు సాధనమునే పోగొట్టుకొందురు. మార్చదలచినచో రెండును మార్చవలెను.

3. పినియను స్థానము : జీపు వెనుక నిలిచి చూచినచో పినియను మధ్యన గాక కుడి ప్రక్కకు ఉండును. ట్రాన్స్‌ఫరు కేసు నుండి షాఫ్టు ఆ ప్రక్కనే వచ్చుట దీనికి కారణము. కొత్త ఇరుసులో పినియను మధ్యన ఉన్నచో షాఫ్టు ఏటవాలుగా పడును. జీపు పొట్టి బండి గనుక షాఫ్టు కూడ పొట్టిది. కొద్ది తేడా వచ్చినను క్రాసులపై వంపు ఎక్కువై త్వరలో అరుగును.

4. వెడల్పు, చక్రపు బోల్టులు : ఒక డ్రమ్ము ముఖము నుండి రెండవ డ్రమ్ము ముఖము వరకు పాత ఇరుసును, కొత్త ఇరుసును కొలువుడు. జీపు చక్రమునకు 5 బోల్టులు 5½ అంగుళముల వృత్తములో ఉండును. కొత్తదానికి వేరుగా ఉన్నచో ముందు వెనుకలకు రెండు రకముల స్టెప్నీలు కావలసి వచ్చును. చక్రపు రంధ్రములను ఆకురాయితో సాగదీయుట ప్రాణాపాయము.

5. బ్రేకులు : కొత్త ఇరుసు బ్రేకు సిలిండర్లు పెద్దవైనచో వెనుక చక్రములు ముందుగా పట్టివేయును, తడి రోడ్డుపై బండి అడ్డము తిరుగును. ముందు వెనుక బ్రేకులు సరితూగునట్లు చేయించనిదే బండిని రోడ్డెక్కించరాదు.

6. వేగము చూపు ముల్లు : ఇది ట్రాన్స్‌ఫరు కేసు నుండి నడచును. ఇరుసు 4.10కు మారిన పిమ్మట ముల్లు 40 చూపునప్పుడు బండి నిజముగా 52 కిలోమీటర్లకు పైగా పోవుచుండును. దీనిని సరిచేయింపవలెను.

బిగించునప్పటి జాగ్రత్తలు

ఈ జీపులలో చేతి బ్రేకు చక్రములవద్ద ఉండదు. ట్రాన్స్‌ఫరు కేసు వెనుక, షాఫ్టుపై ఉండును. ఒక వెనుక చక్రమును జాకీతో ఎత్తగానే అది పట్టు తప్పును. షాఫ్టు విప్పినచో అసలే పనిచేయదు. కావున ముందు చక్రములకు రెండు వైపుల దిమ్మలు పెట్టి, చట్రము క్రింద గట్టి స్టాండులు నిలిపి, తరువాతనే బండి క్రింద దూరవలెను. జాకీని నమ్మరాదు.

కమాను కట్టలు కూర్చుండు పీటలను వెల్డింగు చేయక ముందు చిన్న చుక్కలతో అతికించి, బండి బరువు కట్టలపై నిలిపి, పినియను వంపు చూచుకొనవలెను. షాఫ్టు రెండు కొనల వద్ద వంపులు సమానముగా ఉండవలెను. పిమ్మట కొద్ది కొద్దిగా, ఒకసారి ఈ ప్రక్క, ఒకసారి ఆ ప్రక్క వెల్డింగు చేసినచో గొట్టము వంగదు. మధ్యనున్న పోత ఇనుప భాగముపై వెల్డింగు చేయరాదు. యు బోల్టులను మూలమూలగా సమముగా బిగింపుడు. షాఫ్టు పొడవు మారినచో మంచి టర్నరుచే సరిచేయించి, తూకము చూపింపుడు. ఇరుసులో తగిన గేరు ఆయిలు పోసి, గాలి రంధ్రము మూసుకొనిపోలేదని చూడుడు. అది మూసుకొన్నచో ఆయిలు సీళ్లను దాటి బ్రేకులపైకి వచ్చును.

మొదట ఖాళీ బండిని పది కిలోమీటర్లు నడిపి, హబ్బులు వేడెక్కినవేమో చేతితో తాకి చూచి, బోల్టులను మరల బిగించి, ఆ పిమ్మట సగము బరువుతో నడుపుడు.

చట్టము సంగతి

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ సంగతిని స్పష్టపరచినది. కావున సామాను కొనక ముందే రవాణా శాఖ కార్యాలయమున వ్రాతమూలకముగా అడిగి తెలిసికొనుడు; భీమా కంపెనీకి కూడ తెలుపుడు. సొంత వాహనము 15 సంవత్సరములు దాటినచో రిజిస్ట్రేషను పొడిగింపునకు తనిఖీ తప్పదు. అనుమతి లేని మార్పు అక్కడ అడ్డు తగులును. ప్రమాదము జరిగినచో పరిహారము దగ్గర చిక్కు తెచ్చును. గ్రామాధికారులు ఈ సంగతిని రైతులకు ముందుగా తెలియజేసినచో ఉపకారము చేసినవారగుదురు.

జ్ఞాపకముంచుకొనదగినవి : హబ్బు మరమ్మతుతో పోవు పనికి ఇరుసు మార్చవద్దు. మార్చక తప్పనిచో అదే నమూనా జీపు ఇరుసు దొరకునేమో మొదట వెదకుడు. అది దొరికిన యెడల పై ఆరు చిక్కులును చాలవరకు ఉండవు. అదియు దొరకనిచో కొలబద్దతోను, కాగితముతోను అంగడికి పొండు. అక్కడ ఒక గంట కొలుచుటకు ఓపిక పట్టిన రైతునకు, నడి దారిలో బస్తాల బరువుతో బండి నిలిచిపోవు అవస్థ తప్పును.